తోడికోడలి తడిగుడ్డ

మా వీధిలో మా తోడికోడలిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు తడిగుడ్డ అంటారు, పిల్లలు తడిగుడ్డత్త అంటారు. తడిగుడ్డతో గొంతులు కోసే మనుషులు లోకంలో ఉన్నారు, వాళ్ళనీ చూశాను. ఈమె ఆ జాతి కాదు. భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంటుంది, ఎదురుగా కనబడ్డదాన్నల్లా తుడుస్తుంది, అంతే. ఈమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కంపెనీవాళ్ళు మా లైను గురించి రాసిన నాలుగు ముక్కలూ తప్పు కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. నా రాతలో తప్పులుంటే మూడో తరగతి చదివినవాళ్ళు దిద్దుకోవచ్చు.

ఆమె మా మరిదిని కట్టుకుని ఈ ఇంటికి వచ్చిన రోజు, పెద్దదాన్ని కదా అని నేనే కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి, నేను వేసిన కుర్చీని, నా కళ్ళ ముందే, కాళ్ళతో సహా తుడిచి, అప్పుడు కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా, మా కుర్చీకేమైనా రోగమా?" అన్నాను.

"రోగం కాదక్కా, దుమ్ము" అంది నవ్వుతూ.

ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్లతో అవసరమైనంత వరకే మాట్లాడాలని ఒట్టు పెట్టుకున్నాను. పక్కపక్క ఇళ్ళలో అవసరాలు ఎక్కువ కాబట్టి రోజంతా మాట్లాడవలసి వచ్చింది, అది వేరే సంగతి.

మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. కంపెనీ కట్టించిన ఇళ్ళ వరసల్లో మాది ఆఖరి లైను, కొండ పక్క లైను. అలవాటుకొద్దీ కొండ అంటున్నాను గానీ ఇప్పుడక్కడ కొండ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్ళు అంతకంటే తెలివైనవాళ్ళు, కొండను తవ్వి కొండనే పట్టుకుపోయారు. మిగిలింది పెద్ద గొయ్యి. గొయ్యి అంచున రాళ్ళు పిండి చేసే క్రషర్. అక్కడినుంచి మా గుమ్మాల ముందుగా పోయే మట్టిరోడ్డు, ఆ రోడ్డు మీద పొద్దస్తమానం టిప్పర్లు. మధ్యాహ్నం సైరన్ కూస్తుంది, ఆ వెంటనే గనిలో పేలుస్తారు. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. అప్పుడు కిటికీలోంచి పడే వెలుతురు పలచటి టీ రంగులోకి తిరుగుతుంది. దుమ్ము వచ్చిందన్నమాట. పళ్ళు కలిపితే కరకరలాడుతుంది.

సైరన్ వినగానే మా తోడికోడలు కిటికీలు మూసి సందుల్లో పేలికలు కుక్కేది. దుమ్ము దిగాక మొదలుపెట్టేది. కిటికీ ఊచలు, మంచం పట్టెలు, గిన్నెల మూతలు, మొగుడి చెప్పులు, చివరికి కుండీలో మొక్క. ఒక్కో ఆకునీ పట్టుకుని, పసిపిల్ల చెవి తుడిచినంత నెమ్మదిగా తుడిచేది. నాది వేరే పద్ధతి. ఇవాళ్టి దుమ్మును రేపటి దుమ్ము ఎలాగూ కప్పేస్తుంది, మధ్యలో నేనెందుకు?

"ఎందుకే అంత పాకులాట? తుడిచినచోటే మళ్ళీ పడుతుంది కదా" అనేదాన్ని గోడ మీదుగా.

"పొద్దున తిన్నావు కదా, సాయంత్రం మళ్ళీ ఎందుకు తింటున్నావక్కా?" అనేది.

నా నోటికి జడిసి వీధి మలుపు తిరిగి వెళ్ళేవాళ్ళున్నారు. ఈ మాటకు మాత్రం నేనే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయేదాన్ని.

ఆమె పట్టుదల ఊరికే రాలేదు. కొత్తల్లో ఒకసారి ఇద్దరం టౌనులో బట్టల కొట్టుకి వెళ్ళాం. మేం కూర్చోబోతుంటే కొట్టువాడు పరుగెత్తుకొచ్చి బల్ల మీద పాత పేపరు పరిచాడు. గని లైన్లవాళ్ళు కూర్చుంటే ముద్ర పడుతుందట. నేను ఆ పేపరు మీదే దర్జాగా కూర్చుని, కొట్టులో ఉన్న బట్టలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచి వచ్చాను. ఆమె కూర్చోలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది. ఆ రోజునుంచి ఆ గుడ్డ నడుము దగ్గర్నుంచి భుజం మీదికెక్కింది. మన ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ బట్టకి మరక అంటకూడదు, ఇదీ ఆమె రోషం. మనిషిని బట్టి రోషం. నాది నోట్లో ఉంటుంది, ఆమెది చేతిలో.

ఇక మా మరిది. గనిలో మందు పెట్టి పేల్చడానికి రాతికి తూట్లు పొడిచే పని. ఆ పొడి అంతా మొహానే కొట్టేది. ఒకప్పుడు అతని గొంతు ఎంత గొంతు! వీధి చివర "వదినా, టీ!" అని అరిస్తే ఇక్కడ నేను గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్ని, అతను గుమ్మం ఎక్కేసరికి టీ మరిగేది. ఇప్పుడు పక్కగదిలో పిలిచినా వినబడదు. మాట సగంలో ఆపి, ఊపిరి వెతుక్కుని, మిగతా సగం చెబుతాడు. మంచం అంచున ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి కూర్చుంటాడు. ఛాతీలో పిల్లికూతలు. గోడకివతల నాకు వినబడతాయి. మా ఆయన కూడా అదే గనిలో అదే కూతలతో పోయాడు. కాగితంలో గుండె అని రాశారు. గుండె ఆగకుండా ఎవరైనా పోతారా అని అడిగాను. నాకు చదువు లేదని నవ్వారు.

మరిదిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఛాతీ డాక్టరు మంచిమాటే చెప్పాడు. "మందు నేనిస్తాను, గాలి నేనివ్వలేను. ముందు ఆ దుమ్ములోంచి బయటికి తీసుకెళ్ళండి" అన్నాడు. ఎక్కడికి తీసుకెళ్తాం? తల దాచుకునేది కంపెనీ కొంపే. అయితే అప్పుడే ఒక కబురు వచ్చింది. గాలి కొలుస్తారట, జనం ఊపిరితిత్తులు కూడా చూస్తారట. ఏ లైన్లో దుమ్ము హద్దు దాటితే ఆ లైనువాళ్ళని వాగు అవతల కట్టిన కొత్త ఇళ్ళలోకి మారుస్తారట. అటువైపు దుమ్ము పోదు. మా తోడికోడలు ఆ మాట విని, కొత్త ఇంటికి కిటికీలు ఎన్ని ఉంటాయో కనుక్కోమని నన్ను పంపింది. తుడవడానికి.

కొలవడానికి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, చెప్పులనిండా దుమ్ముతో ఇల్లిల్లూ తిరిగింది. మేం కొలతలమ్మాయి అనేవాళ్ళం. ముందు మనుషులను ప్రశ్నలడిగింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ ఆ పిల్ల అలా చూడలేదు. మా మరిది ముందు బల్ల మీద కూర్చుని అడిగింది.

"దగ్గు ఉంటుందా బాబాయ్?"

"దగ్గా? లేదమ్మా" అని, ఆ ‘లేదమ్మా’ పూర్తికాకుండానే వంగిపోయి దగ్గాడు. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, "లేదు" అన్నాడు.

"మరి ఇదేంటి బాబాయ్?"

"ఇది మామూలు దగ్గమ్మా. రోగం దగ్గు కాదు."

"మా లైన్లో అందరికీ ఉంటుంది, అది లెక్కలోకి రాదు" అని వంటింట్లోంచి మా తోడికోడలు వంత పాడింది.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మాయ్, వీళ్ళ నోటిమాట రాసుకోకు. ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగున్నామనే చెప్పే మొహాలు. ఆ ఛాతీ ఏమంటోందో అది రాసుకో" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, "అదే రాస్తున్నా పెద్దమ్మా" అంది. తర్వాత ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. మరిది ఊదాడు. ముల్లు కొంచెం లేచి పడిపోయింది. "ఇందాక సరిగ్గా పట్టుకోలేదు, మళ్ళీ ఊదుతా" అన్నాడు. మళ్ళీ అంతే. మూడోసారి ఊదుతానంటే ఆ పిల్లే గొట్టం మెల్లిగా లాక్కుంది.

ఆ తర్వాత గాలి కొలిచే మిషను పెట్టడానికి లైన్లో మేడలన్నీ చూసి, మా తోడికోడలి మేడే బాగుందంది. అక్కడ ప్లగ్గు ఉంది, చుట్టూ అడ్డం లేదు, ఇల్లు శుభ్రంగా ఉంది. ఆ చివరిమాటకి మా తోడికోడలు నేల మీద నడవడం మానేసింది. మిషనంటే నెత్తిన టోపీ పెట్టుకున్న పెట్టె. కందిరీగలా గుయ్యిమంటూ గాలి పీల్చుకుంటుంది. లోపల గుండ్రటి తెల్లకాగితం ఒకటి ఉంటుంది. దుమ్ము దాని మీద పడుతుంది. ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి పాత కాగితం తీసుకుని కొత్తది పెట్టి వెళ్ళేది.

నాకు మోకాళ్ళ నొప్పులు, మేడ ఎక్కను. ఆ రోజుల్లో పైనుంచి నీళ్ళు పోస్తున్న చప్పుడు మాత్రం వినబడేది.

"మేడ మీద ఏం కడుగుతున్నావే?" అని అరిచాను.

"నీకెందుకక్కా, నువ్వు నీ దుమ్ములో హాయిగా పడుకో!"

పడుకున్నాను. ఒక పొద్దున కొలతలమ్మాయి కాగితాన్ని వెలుతురుకి పట్టి చూస్తూ మెట్లు దిగింది. "అమ్మా, మిషను ఎవరైనా ముట్టుకున్నారా?" అంది.

"అయ్యయ్యో, పరాయి సొమ్ము మీద చెయ్యి వేస్తామా? ఈగను కూడా వాలనివ్వలేదు" అంది మా తోడికోడలు. అది అక్షరాలా నిజం.

కొలవడం అయిపోయాక స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. గోడకి పెద్ద పటం వేలాడదీశారు. దుమ్ము ఎక్కువున్న లైన్లు ఎరుపు, తక్కువున్నవి ఆకుపచ్చ. కంపెనీ ఆఫీసాయన జేబులోంచి పెన్ను తీసి దాంతో చూపించాడు. గనికి దూరంగా, చెట్ల మధ్య ఉన్న ఆఫీసు లైనుకి పసుపు రంగు. క్రషర్ పక్కన ఉన్న మా లైనుకి ఆకుపచ్చ.

"ఈ లైన్లో గాలి హద్దుకి లోబడే ఉంది. సంతోషించవలసిన విషయం" అన్నాడాయన.

మా తోడికోడలు నిజంగానే సంతోషించింది. నా మోచేయి గిల్లి, "చూశావా అక్కా? మన లైనే శుభ్రమట" అంది చెవిలో.

"శుభ్రం సరేనే తల్లీ, వాగు అవతలి ఇల్లు పోయింది" అన్నాను.

ఆమె మొహం చూడలేకపోయాను. అటు పక్క మా మరిదికి దగ్గు తెర వచ్చింది. ఆఫీసాయన మర్యాదస్తుడు. దగ్గు అయిపోయేదాకా ఆగి, నీళ్ళు తాగమని చెప్పి, గాలి బాగుందన్న మాట మళ్ళీ మొదటినుంచి చదివాడు.

మర్నాడు కొలతలమ్మాయి మిషను తీసుకెళ్ళడానికి వచ్చింది. రోజూ వచ్చే వేళకి కాదు, ఎండెక్కాక వచ్చింది. అంతకుముందే ఎవరికీ చెప్పకుండా నేను మోకాళ్ళు పట్టుకుని మేడ ఎక్కాను. ఆ మిషను మొహం ఒకసారి చూసి నాలుగు తిట్లు తిట్టాలని. ఎక్కి చూద్దును కదా, మిషను చుట్టూ కర్రలు పాతి, పాత దుప్పటి తడిపి పందిరిలా కట్టి ఉంది. నీళ్ళు కారుతున్నాయి. మేడంతా కడిగిన నీళ్ళు. నా వెనకే వచ్చిన పిల్ల అక్కడే మెట్టు మీద కూలబడింది.

"ఇదేంటమ్మా?" అంది.

"మిషను దుమ్ము కొట్టుకుపోతోందమ్మా" అంది ఆ పిల్ల వెంటే మెట్లెక్కి వచ్చిన మా తోడికోడలు. "మీ సొమ్ము మా ఇంట్లో ఉండి పాడైతే మాకు మాట కాదా? రోజూ దుప్పటి తడిపి కట్టి, చుట్టూ నీళ్ళు చల్లేదాన్ని. నువ్వొచ్చే వేళకి తీసేసి తుడిచి పెట్టేదాన్ని. మనిషొచ్చేసరికి చిత్తడిగా ఉంటే ఏం బాగుంటుంది?"

ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. "అమ్మా, ఆ మిషను పని దుమ్ము తినడమేనమ్మా. నువ్వు దాన్ని పస్తులుంచావు" అంది.

మా తోడికోడలికి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ తడి దుప్పటి విప్పి, పిండి, మడత పెట్టి, దాని మీదే కూర్చుండిపోయింది. కింద మంచం మీదినుంచి పిల్లికూతలు వినబడుతున్నాయి. నా దగ్గర తిట్లు చాలా ఉన్నాయి. అతిథిని మర్యాదగా చూసుకున్నదాన్ని ఏమని తిట్టాలి? మా లైన్లో ఏ ఇల్లాలైనా అదే చేసి ఉండేది, నేను తప్ప.

చేతులు కాలాక ఆకులు పట్టుకోక తప్పదు కదా. ముగ్గురం కంపెనీ ఆఫీసుకి నడిచాం. మా తోడికోడలు లోపలికి వెళ్ళగానే, "బాబూ, తప్పు నాది, మిషనుది కాదు. మళ్ళీ కొలవండి" అంది.

"నివేదిక పైకి వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు ఆఫీసాయన.

"పైకంటే ఎంత పైకి బాబూ? చెప్పండి, మెట్లెక్కి మేమే దించుకొస్తాం" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. కొలతలమ్మాయి, ఆ ఇంటి అంకెలు చెల్లవని రాసేస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "రాస్తే అక్కడ ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉందంటే కాలుష్యం కనబడలేదనే అర్థం. రంగు మారదు."

"మా ఇంట్లో గిన్నె ఖాళీగా ఉంటే మాకు ఆకలి లేదని అర్థమా?" అన్నాను.

దున్నపోతు మీద వాన. మళ్ళీ వెళ్ళాం. సారు మీటింగులో ఉన్నారు. మళ్ళీ వెళ్ళాం. సారు గనిలో ఉన్నారు. గనిలో ఉన్న సారు ఒంటి మీద దుమ్ము మచ్చైనా లేకుండా సాయంత్రం మా పక్కనుంచే కారెక్కాడు. మా తోడికోడలు వెళ్ళిన ప్రతిసారీ ఆ వరండా బల్లను తుడిచి కూర్చునేది. "తుడవకే! కంపెనీ బల్ల కూడా నువ్వే తుడవాలా?" అని కసిరాను. "చెయ్యి ఊరుకోదక్కా" అంది. చివరికి కొలతలమ్మాయి తన పై అధికారులతో దెబ్బలాడి, ఒక్క వారం మళ్ళీ మిషను పెట్టడానికి ఒప్పించింది. ఎంత దెబ్బలాడిందో మాతో చెప్పలేదు, మొహం చెప్పింది.

"ఈసారి ఇల్లు ఎలా ఉంటే అలాగే ఉండాలమ్మా. నీళ్ళు వద్దు, దుప్పటి వద్దు, గుడ్డ వద్దు" అని మరీ మరీ చెప్పింది.

చెప్పినంత తేలిక కాదు అది. తుడవకపోతే ఆ దుమ్మంతా మంచం మీద మనిషి ఛాతీలోకే పోతుంది. దుమ్ము ఉందని చూపించాలంటే ఉన్న ఊపిరి పోగొట్టుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా గొయ్యి మామూలు గొయ్యి కూడా కాదు, కొండంత గొయ్యి. ఆ పూట మా తోడికోడలు మొగుణ్ణి నెమ్మదిగా నడిపించుకుని మా ఇంటికి తెచ్చి, నా మంచం మీద కూర్చోబెట్టింది. భుజం మీద తడిగుడ్డ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తుడవాలక్కా" అంది.

జన్మలో తుడవనిదాన్ని తుడిచాను. ఊచలు, పట్టెలు, మూతలు. నడుం పట్టేసింది. మా మరిది మంచం మీదినుంచి పర్యవేక్షణ.

"వదినా... ఆ మూల వదిలేశావు."

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో."

"నోరు మూస్తే... ఊపిరెలా వస్తుంది వదినా?"

ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గు వచ్చింది, ఇక నవ్వించడం మానేశాను. గోడకవతల మా తోడికోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, దుమ్ము పట్టిన ఇంట్లో, ముట్టుకుంటే వేలిముద్ర పడే కుర్చీల మధ్య కూర్చుని ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది. కాపురానికి వచ్చాక ఆమె ఇంట్లోకి మనిషిని రానివ్వకపోవడం అదే మొదలు.

మిషను పెట్టిన మర్నాడే, ఎన్నడూ లేనిది, మా రోడ్డు మీదికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. రోడ్డు తడపండి బాబూ అని మేం ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటున్నాం. నీళ్ళ కొరత అనేవాళ్ళు. ఇప్పుడు ట్యాంకరు వెనక గొట్టాలు విప్పుకుని రోడ్డంతా చల్లుకుంటూ వస్తోంది. దుమ్ము అణిగిపోయింది. మేడ మీద మిషను మళ్ళీ పస్తు. నా తోడికోడలు తెలియక కట్టింది దుప్పటి. వీళ్ళు తెలిసి తెచ్చారు ట్యాంకరు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

మా తోడికోడలు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి రోడ్డు నడిమధ్య వేసుకుని కూర్చుంది. తుడవకుండా కూర్చుంది. అది చూసి నేను పీట తెచ్చుకున్నాను. లైన్లో ఆడవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకున్నారు. ట్యాంకరు ఆగింది. తోలేవాడు మా లైనువాడే, ముగ్గురు పిల్లల తండ్రి.

"అత్తా, లే అత్తా. నాకు పైనుంచి ఆర్డరు" అన్నాడు.

"ఇన్నేళ్ళూ రాని నీళ్ళు ఇప్పుడెందుకొచ్చాయిరా?" అంది మా తోడికోడలు.

"నాకేం తెలుసత్తా, చల్లమన్నారు, చల్లుతున్నా."

"ఎప్పటికీ చల్లుతానని చెప్పించు, లేస్తా. ఈ వారమే అయితే వెనక్కి తిప్పు."

ఇంతలో ట్యాంకరు వెనక టిప్పర్లు వచ్చి ఆగాయి. ఒకటి, రెండు, వరసగా. ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడు నా బుర్రకి తట్టింది. "ఏమే! టిప్పర్లు ఆగితే ఇంక దుమ్మెక్కడిదే? ఆ మిషను ఏం తింటుంది?" అని అరిచాను.

ఇక చూడాలి మా అవస్థ. ట్యాంకరుని పక్కకి లాగించి, టిప్పరు వస్తే అందరం కుర్చీలు ఎత్తుకుని రోడ్డు దిగి, "రా నాయనా, రా, ఇంకొంచెం గట్టిగా తోలు" అని దారివ్వడం. అది వెళ్ళగానే ఆ దుమ్ములో దగ్గుకుంటూ మళ్ళీ కుర్చీలు వేసుకుని ట్యాంకరుకి అడ్డంగా కూర్చోవడం. మీద దుమ్ము పొయ్యమని బతిమాలుకునే జనం ఇంకెక్కడైనా ఉన్నారా? టిప్పర్లవాళ్ళు మాకు మతి పోయిందనుకున్నారు. కబురు విని ఆఫీసాయన జీపులో వచ్చాడు. అద్దం దించకుండానే ఏంటిదన్నట్టు చెయ్యి ఊపాడు. మా తోడికోడలు లేచి వెళ్ళి అద్దం మీద వేలితో కొట్టింది. దించాడు.

"దుమ్ము కోసం కూర్చున్నాం బాబూ" అంది.

ఆయన ట్యాంకరుని వెనక్కి పొమ్మన్నాడు. పోతూ పోతూ, "మీరు ఊరికే కంగారుపడుతున్నారు. ఒకరోజు మీ ఇంటికే వచ్చి, కూర్చుని, స్వయంగా చూస్తాను" అన్నాడు.

"రండి బాబూ. కుర్చీ వేసి ఉంచుతాను" అంది మా తోడికోడలు.

వారం అయ్యాక కొలతలమ్మాయి ఆఖరి కాగితం తీసి చూపించింది. పెనం అడుగులా ఉంది. మా తోడికోడలి చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. అక్కడ గుడ్డ లేదు. ఆ మధ్యాహ్నమే మరిదిని ఇంటికి తీసుకెళ్ళి, గుడ్డ తిరిగి తీసుకుంది.

ఆ నల్లటి కాగితం చూశాక ఇక అడ్డేముందనుకున్నాం. మళ్ళీ మీటింగు, మళ్ళీ పటం. మా లైను పసుపు. మొదటిసారి కొలిచిందీ రెండోసారి కొలిచిందీ కలిపి సగటు తీశారట. పసుపంటే ఇల్లు మార్చరు, గమనిస్తూ ఉంటారట.

నేను లేచాను. "తలుపు వేసిన రోజు దొంగ రాలేదు. తీసిన రోజు వచ్చి ఇల్లంతా దోచుకుపోయాడు. అంటే మా ఇంటికి సగం దొంగ వచ్చాడా బాబూ?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే పటం చుట్టేశాడు. కొలతలమ్మాయి ఆయన వెనకే వరండాలోకి వెళ్ళి గట్టిగా మాట్లాడుతూనే ఉంది. ఇప్పటికీ ఎక్కడో ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది, అప్పుడప్పుడు ఫోను చేసి చెబుతుంది. మా జవాబు ఒకటే, "ఇంకా పసుపేనమ్మా."

నిన్న సైరన్ కూసి, దుమ్ము దిగాక, గోడ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నేల అద్దంలా ఉంది. ఊచలు, పట్టెలు, మొక్క ఆకులు, అన్నీ తుడిచి ఉన్నాయి. వరండాలో ఒక్క కుర్చీ మాత్రం అలాగే ఉంది. ఆమె కాపురానికొచ్చిన రోజు నేను వేసిన కుర్చీయే, రోడ్డు మీద వేసుకున్నదీ అదే. దాని మీద దుమ్ము వేలు మందాన పేరుకుంది. నాకేం పట్టింపు, కూర్చోబోయాను.

"అక్కా! అందులో కూర్చోకు!" అని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, నా కుర్చీకేమైనా రోగమా?"

"రోగం కాదక్కా, దుమ్ము. ఆఫీసాయన కోసం ఉంచాను. వస్తానన్నాడు కదా, వచ్చి అందులోనే కూర్చోవాలి. ఆ బట్టలకి ముద్ర పడాలి."

"ఆయనొస్తాడంటావా?"

లోపల మరిది దగ్గుతున్నాడు. ఇద్దరం ఆ దగ్గు అయిపోయేదాకా ఆగాం. చాలాసేపు పట్టింది.

"మరి నన్నెక్కడ కూర్చోమంటావు?" అన్నాను.

"నేల మీద కూర్చో. తుడిచాను."